బాత్‌షీబా చూడాల్సిన చోటే, ఈత కొట్టాల్సిన చోటు కాదు

ప్రశ్న క్లుప్తంగా: డాలస్ నుంచి డిసెంబరు ఆఖరి వారంలో బార్బడోస్ వెళ్తున్నాం. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. తూర్పు తీరంలో బాత్‌షీబా అనే ఏకాంతమైన బీచ్ ఉందనీ సర్ఫింగ్‌కు ప్రసిద్ధి అనీ విన్నాను. రుషికొండలో కొద్దిగా సర్ఫింగ్ నేర్చుకున్నాను. అక్కడ చేయవచ్చా? పాప ఈత కొట్టవచ్చా? చూడటానికి ఒక పూట సరిపోతుందా?

సమాధానం:

ముందు మూడింటికీ సూటిగా చెప్పేస్తాను. మీరు అక్కడ సర్ఫింగ్ చేయకండి. పాపను సముద్రంలోకి దించకండి, రాళ్ల మధ్య మడుగులున్నాయి, అక్కడ ఆడుకోనివ్వండి. ఒక పూట చాలదు, ఒక రాత్రి ఉండండి. బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి, ఆ నీళ్లలో బోర్డు వేసుకుని తిరిగినవాణ్ణి. ఆ బీచ్ అంటే నాకు ప్రాణం. మిమ్మల్ని వెళ్లవద్దనడం లేదు, ఏ పనికి వెళ్లాలో చెబుతున్నాను.

మ్యాపు తెరిచి చూడండి. సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, గ్రెనడా ఇవన్నీ ఒక వరసలో ఉంటాయి. బార్బడోస్ ఒక్కటే ఆ వరస నుంచి విడివడి, సుమారు 160 కిలోమీటర్లు తూర్పుకు జరిగి, అట్లాంటిక్‌లో ఒంటరిగా ఉంటుంది. ద్వీపం మొత్తం పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. ఇంత చిన్న ముక్కకు రెండు రకాల సముద్రం. పటాల్లో, హోటళ్ల ప్రకటనల్లో కనిపించే కదలని నీలిరంగు నీళ్లు పడమటి తీరానివి. బాత్‌షీబా తూర్పున, సెయింట్ జోసెఫ్ పారిష్‌లో (పారిష్ అంటే మన జిల్లా లాంటిది) ఉంది. అక్కడ ఒడ్డున నిలబడి తిన్నగా తూర్పుకు చూస్తే ఆఫ్రికా దాకా నాలుగు వేల కిలోమీటర్లకు పైగా నీళ్లే, మధ్యలో అడ్డు వచ్చే నేల లేదు. ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి ఏడాది పొడవునా వీచే వాణిజ్య పవనాలు అంత దూరమూ నీటిని తోసుకుంటూ వస్తాయి. ఆ కెరటాలు మొదట తగిలే గడ్డ ఇదే.

కెరటం ఎత్తు ఒక్కటే చూసి అంచనా వేయకూడదు. రెండు కెరటాల మధ్య ఎన్ని సెకన్లు పడుతున్నాయన్నది అంతకన్నా ముఖ్యం. దగ్గరలోని గాలి పుట్టించిన అలలు ఆరేడు సెకన్లకు ఒకటి వస్తాయి, చూడటానికి గజిబిజిగా ఉన్నా లోపల సత్తువ తక్కువ. ఉత్తర అట్లాంటిక్‌లో ఎక్కడో పుట్టిన శీతాకాలపు తుపాను పంపే కెరటాలు పన్నెండు, పద్నాలుగు సెకన్ల ఎడంతో వస్తాయి. దూరం నుంచి చూస్తే నీటి మీద చిన్న మడతే. అది లోతైన నీటిలో నుంచి వచ్చి ఒక్కసారిగా లోతు తక్కువ ఉన్న పగడపు దిబ్బ మీదికి ఎక్కుతుంది. అడుగు భాగం దిబ్బకు తగిలి ఆగుతుంది, పై భాగం ఆగదు. నీరు నిలువుగా లేచి, ముందుకు వంగి, లోపల బోలుగా గొట్టం కట్టి విరుగుతుంది. విరిగిన తర్వాత మిగిలేది తెల్లటి నురుగు మరుగు. బాత్‌షీబాలో ఈ కెరటం విరిగే చోటికి సూప్ బౌల్ అని పేరు పెట్టినవాళ్లు ఇది చూసే పెట్టి ఉంటారు.

కెరటం మీద ఉన్న మనిషికి అది కుడివైపు విరుగుతుంది, ఒడ్డున కూర్చున్న మీకు ఎడమవైపు పరుగెత్తినట్టు కనిపిస్తుంది. పదకొండు సార్లు ప్రపంచ చాంపియన్ అయిన కెల్లీ స్లేటర్‌కు ఇది ఇష్టమైన కెరటాల్లో ఒకటి. ఆయన మెచ్చుకున్నాడని విని వచ్చేవాళ్లే ఎక్కువ. ఆయన మెచ్చుకున్నాడంటే మనలాంటివాళ్లు దూరంగా ఉండాలని నేను అర్థం చేసుకుంటాను. రుషికొండలో మీరు నేర్చుకున్నది ఇసుక మీద విరిగే అల. పడితే ఇసుకలో పడతారు, లేచి నవ్వుకుంటారు. సూప్ బౌల్‌లో పడితే కింద ఉండేది రాయి. ఆ రాయి సందుల్లో నల్లటి పొడవాటి ముళ్లుండే సీ అర్చిన్లు అనే సముద్రజీవులు. ముల్లు దిగి లోపలే విరిగితే పాదం రోజుల తరబడి సలుపుతుంది. వేడినీళ్లలో కాలు పెట్టుకుని కూర్చోవడమే మీ సెలవుల్లో మిగిలే కార్యక్రమం.

ఇంకో సంగతి. మీరు వెళ్లేది డిసెంబరు ఆఖరున. అప్పటికి ఉత్తరపు పెద్ద కెరటాలు మొదలై ఉంటాయి, అది సరే. కానీ అదే సమయానికి వాణిజ్య పవనాలు కూడా బలపడతాయి. కరీబియన్‌లో వాటిని క్రిస్మస్ గాలులంటారు. గాలి సముద్రం నుంచి ఒడ్డుకు ఎదురుగా కొడితే కెరటం శుభ్రంగా నిలవదు, ముఖం మీద గుంతలు పడి ముందే కూలిపోతుంది. నిపుణులు కూడా తెల్లవారుజామున గాలి లేవకముందే దిగి, ఎండ ఎక్కేసరికి బయటికి వచ్చేస్తారు. స్థానికులు ఎక్కువగా ఇష్టపడేది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. దూరంగా పోయే హరికేన్లు కెరటాలు పంపుతాయి, గాలి మాత్రం మందంగా ఉంటుంది. అయితే ఆ నెలల్లో హరికేన్ దూరంగానే పోతుందన్న హామీ లేదు. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్‌లో మనవాళ్లు టీ20 ప్రపంచకప్ గెలిచి, ఆ వెంటనే బెరిల్ హరికేన్ వల్ల విమానాశ్రయం మూతపడి హోటల్‌లో చిక్కుకుపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అక్కడ హరికేన్ల కాలం. మీ ప్రయాణానికి ఆ బెడద లేదు.

ఈత విషయానికి వస్తాను. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. బాత్‌షీబాలో నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయి కదా అని దిగుతారు. వరసగా విరిగిన కెరటాలు దిబ్బ దాటించి తెచ్చిన నీరంతా ఒడ్డు దగ్గర పోగవుతుంది. అది మళ్లీ వెనక్కి పోవాలి. దిబ్బలో సందు ఎక్కడుంటే అక్కడి నుంచి ఒక్క ధారగా పోతుంది. అదే రిప్ కరెంట్. చుట్టూ నురుగు కొట్టుకుంటుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం నురుగు లేకుండా, కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తుంది. చూసినవాళ్లు అక్కడే దిగడానికి బాగుందనుకుంటారు. సర్ఫింగ్ చేసేవాళ్లకు అది లోపలికి తీసుకెళ్లే ఉచిత బండి. ఈతగాడికి అదే ప్రాణాంతకం. విశాఖ ఆర్‌కే బీచ్‌లో ఏటా పిల్లలు పోయేదీ ఇలాంటి లాగుడులోనే, ఆ వార్తలు చదివిన మనకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఎప్పుడైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ధార దాటాక నురుగు ఉన్న వైపు నుంచి బయటికి రావాలి. బాత్‌షీబాలో పక్కకు ఈదినా అక్కడ రాళ్లుంటాయి. అందుకే అసలు దిగవద్దంటున్నాను. ఉత్తరాన దాన్ని ఆనుకుని ఉన్న క్యాటిల్‌వాష్ పొడవైన ఇసుక తీరం. మనిషి కనబడడు, ఏకాంతమంటే అదే. నడవడానికి అంతకన్నా మంచి చోటు ద్వీపంలో లేదు. నీళ్లు మాత్రం అక్కడా అంతే.

మరి పాప సంగతి. బాత్‌షీబా ఒడ్డున ఇంత పెద్ద పెద్ద బండలు కనిపిస్తాయి, ఫొటోలన్నీ వాటివే. పాత పగడపు దిబ్బల నుంచి విరిగిపడిన సున్నపురాయి ముక్కలవి. కెరటాలు అడుగున తొలిచేయడంతో పైన వెడల్పుగా, కింద సన్నటి కాడతో నిలబడ్డాయి. పైన పొదలు కూడా మొలిచి ఉంటాయి. ఆ బండలకూ దిబ్బకూ మధ్య, ఆటు సమయంలో, నిలువ నీటి మడుగులు ఏర్పడతాయి. నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, అడుగున ఇసుక కనిపిస్తుంది, చిన్న చేపలు కాళ్ల దగ్గరికి వస్తాయి. బయట కెరటం విరిగినప్పుడల్లా దిబ్బ మీదుగా కొంచెం నురుగు జారి మడుగులోకి వస్తుంది, పిల్లలు దానికే కేరింతలు కొడతారు. అమ్మానాన్న కూడా అందులో నడుము దాకా కూర్చోవచ్చు. రెండు జాగ్రత్తలు. అందరికీ రబ్బరు అడుగున్న నీటి చెప్పులు కావాలి, మామూలు హవాయి చెప్పులు నాచు మీద జారిపోతాయి. మీలో ఒకరు ఎప్పుడూ సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చోవాలి. పోటు మొదలై దిబ్బ దాటే నురుగు ధార కట్టిందంటే ఆట కట్టిపెట్టి బయటికి రండి. ఆటుపోట్ల వేళలు ముందురోజే ఫోనులో చూసి పెట్టుకోండి. ఫొటో కోసం బండల మీదికి ఎక్కే సరదా మాత్రం వద్దు. పది కెరటాలు చిన్నవి వచ్చి పదకొండోది పెద్దది రావడం అక్కడ రోజూ జరిగేదే.

మీకు సర్ఫింగ్ చేయాలనే ఉంటే దక్షిణ తీరానికి వెళ్లండి. ఫ్రైట్స్ బే అని కొండ అంచు కింద చిన్న అఖాతం ఉంది. కెరటం నెమ్మదిగా, పొడవుగా ఎడమకు విరుగుతుంది, గాలి చాటు ఉంటుంది, తరచూ తాబేళ్లు పక్కనే తల పైకెత్తి చూసి పోతాయి. నేర్పేవాళ్లూ అద్దె బోర్డులూ దొరుకుతాయి. దానికి కాస్త దూరంలో ఇంచ్ మార్లో దగ్గర సర్ఫర్స్ పాయింట్ ఉంది, అదీ కొత్తవాళ్లకు అనువైనదే. అక్కడ రెండు మూడు ఉదయాలు గడిపి, ఆ తర్వాత బాత్‌షీబాకు వచ్చి గట్టు మీద కూర్చుని చూస్తే మీకు కనిపించేది పూర్తిగా వేరుగా ఉంటుంది.

ఏం చూడాలో కూడా చెబుతాను. కెరటాలు విడివిడిగా రావు, గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి, ఆ తర్వాత కాసేపు విరామం. ఊరి కుర్రాడు బోర్డు చంకలో పెట్టుకుని వచ్చి వెంటనే దిగడు. కాలికి లీష్ (బోర్డును కాలికి కలిపి ఉంచే తాడు) కట్టుకుంటూనే సముద్రాన్ని చూస్తుంటాడు, ఒక గుంపు పోయేదాకా నిలబడతాడు. ఆఖరి కెరటం నురుగు ఇంకా కదులుతుండగానే పరుగున దిగి, సందులోని ధార పట్టుకుని, తల తడవకుండా వెనక్కి చేరుకుంటాడు. పక్కనే అద్దె బోర్డుతో వచ్చిన పర్యాటకుడు పెద్ద కెరటాల మధ్యలో దిగి, అరగంట చేతులాడించి, బయలుదేరిన చోటికే కొట్టుకొస్తాడు. కండబలంలో ఇద్దరికీ పెద్ద తేడా ఉండదు. ఈ ఒక్క దృశ్యం గమనించడానికైనా గంటసేపు గట్టు మీద కూర్చోవచ్చు. నీళ్లలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే, చిన్నప్పటి నుంచి అక్కడే పెరిగినవాళ్లు. దూరం నుంచి ఫొటో తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు, దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం ముందు గుడ్ మార్నింగ్ చెప్పండి. బార్బడోస్‌లో పలకరింపు లేకుండా మాట మొదలుపెట్టడం మర్యాద కాదు. బస్సు ఎక్కినా, దుకాణంలోకి వెళ్లినా ఇదే పద్ధతి.

రాత్రి ఉండమని ఎందుకన్నానంటే, పగటి పూట పదకొండు నుంచి మూడు దాకా టూరు బస్సులు వచ్చి పోతాయి. బస్సు ఆగుతుంది, జనం బండలతో ఫొటోలు దిగుతారు, పావుగంటలో వెళ్లిపోతారు. ఏకాంతం కావాలంటే వాళ్లు రాకముందూ వెళ్లాకా ఉండాలి. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, డిసెంబరులో ఆరుంబావు ప్రాంతంలో. ఫొటోలకు ఆ వెలుగే మంచిది, సర్ఫర్లు దిగేదీ అప్పుడే. సాయంత్రం సూర్యాస్తమయం చూద్దామనుకుంటే నిరాశపడతారు. పడమటి వైపు కొండలుండటంతో బీచ్ మీద నాలుగున్నరకే నీడ పడిపోతుంది, ఆరున్నరకల్లా చీకటి. బస చేయడానికి పెద్ద రిసార్టులు లేవు, నాలుగైదు చిన్న హోటళ్లు, అద్దె ఇళ్లు ఉన్నాయి. క్రిస్మస్ వారం కాబట్టి ఇప్పుడే మాట్లాడుకోండి.

అమ్మానాన్నలకు రాళ్ల మీద నడవడం కష్టమైతే దగ్గరలోనే ఆండ్రొమెడా తోట ఉంది. ఐరిస్ బానోకీ అనే ఉద్యాన నిపుణురాలు 1954లో తన ఇంటి చుట్టూ పెంచడం మొదలుపెట్టి, చివరికి బార్బడోస్ నేషనల్ ట్రస్టుకు రాసి ఇచ్చేశారు. నీడన కూర్చోవచ్చు, తోటపని ఇష్టమున్నవాళ్లయితే పూట గడిచిపోతుంది. బాత్‌షీబాకు ఒకప్పుడు బ్రిడ్జ్‌టౌన్ నుంచి రైలు ఉండేది, 1937లో ఆగిపోయింది. పట్టాలు లేవు గానీ తీరం వెంట ఆ పాత దారిలో ఇప్పటికీ నడుస్తారు. మీకు ఓపిక ఉంటే ఉదయం అటు వెళ్లండి.

తిండి గురించి. కూకూ అని ద్వీపం జాతీయ వంటకంలో సగభాగం. మొక్కజొన్న పిండిని బెండకాయలతో కలిపి గట్టిగా తిప్పి ముద్ద చేస్తారు, నాన్నగారికి రాగిసంకటి అలవాటుంటే వెంటనే పరిచయం అయిపోతుంది. దాంతో వేపిన ఎగిరే చేప, పులుసు. శాకాహారులైతే మాకరోనీ పై, బ్రెడ్‌ఫ్రూట్, వేయించిన అరటి దొరుకుతాయి. రైస్ అండ్ పీస్ అనే అన్నంలో వేసేవి చాలాచోట్ల మన కందులే, పచ్చివి. చూసి మురిసిపోయి తినేయకండి. రుచి కోసం ఉప్పు పట్టించిన పంది తోక వేయడం అక్కడ మామూలు, అడిగి తెలుసుకున్నాకే వడ్డించుకోండి. పసుపు రంగులో ఉండే పెప్పర్ సాస్ మాత్రం ఆవఘాటుతో ఉంటుంది, మనవాళ్లు మొదటి రోజే సీసా కొనుక్కుంటారు.

వెళ్లే దారి తేలికే. కారులో బ్రిడ్జ్‌టౌన్ నుంచి ముప్పావుగంట. ఎడమవైపు నడపాలి, అమెరికాలో అలవాటుపడ్డ మీకన్నా నాన్నగారికే సులువు. విదేశీయులకు అక్కడి పర్మిట్ కావాలి, కారు అద్దెకిచ్చేవాళ్లే ఇప్పిస్తారు. హార్స్ హిల్ దిగేటప్పుడు రోడ్డు నిటారుగా ఉంటుంది, చిన్న గేరులో దిగండి. ద్వీపమంతా పగడపు సున్నపురాయి పైకప్పు ఉంటే స్కాట్లండ్ డిస్ట్రిక్ట్ అనే ఈ తూర్పు ప్రాంతంలో అది కొట్టుకుపోయి అడుగు బంకమట్టి బయటపడింది. వానలకు నేల జారి రోడ్లు బీటలు వారుతుంటాయి, అందుకే చీకట్లో ఆ దారిన రావద్దంటాను. దిగేముందు హ్యాకిల్టన్స్ క్లిఫ్ మీద ఆగితే తీరం మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. కారు వద్దనుకుంటే బ్రిడ్జ్‌టౌన్ ఫెయిర్‌చైల్డ్ స్ట్రీట్ నుంచి ప్రభుత్వ నీలం బస్సు ఉంది. టికెట్టు మూడున్నర బార్బడోస్ డాలర్లు, అమెరికా డాలరుకు రెండు వస్తాయి. చిల్లర ఇవ్వరు, సరిపడా పట్టుకెళ్లండి.

కొన్ని చిన్న సంగతులు. సైనికుల మచ్చల బట్టలు అక్కడ చట్టవిరుద్ధం, పాప టోపీ అయినా సరే పెట్టెలో పెట్టకండి. బీచ్‌ల దగ్గర ఎర్ర గీత గీసి ఉన్న చెట్టు మాంచినీల్. దాని పాలు, పచ్చని చిన్న కాయలు విషం, వాన పడితే దాని కింద నిలబడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది. సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు 2011 నుంచి తూర్పు తీరానికి గుట్టలుగా కొట్టుకొస్తోంది, కుళ్లితే గుడ్ల కంపు. అది ఎక్కువగా వేసవి బెడద, డిసెంబరులో అంతగా ఉండదు. అంబులెన్సుకు 511, పోలీసులకు 211. పెద్దాసుపత్రి బ్రిడ్జ్‌టౌన్‌లోనే.

మీరు అడగలేదు గానీ, హెచ్-1బి మీద ఉంటే టికెట్లు కొనే ముందు పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు చూసుకోండి. ముద్ర గడువు తీరినా ఐ-94తో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే ప్రవేశ పత్రం) నెలలోపు తిరిగి రావచ్చన్న వెసులుబాటు హెచ్-1బి వాళ్లకు కెనడా, మెక్సికోలకే. బార్బడోస్ లాంటి ద్వీపాలకు అది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాలవాళ్లకు మాత్రమే వర్తిస్తుంది. విద్యార్థిగా ఉన్నప్పుడు వెళ్లొచ్చిన స్నేహితులు ఏం కాదని చెబుతారు, వాళ్ల మాట వాళ్ల వీసాకు నిజమే. మీకు ముద్ర లేకపోతే తిరుగు ప్రయాణంలో బ్రిడ్జ్‌టౌన్ విమానాశ్రయంలో విమానమే ఎక్కనివ్వరు. అమ్మానాన్నలకు కూడా మళ్లీ ప్రవేశించడానికి చెల్లే సందర్శక వీసా ఉండాలి. ఇది సరిచూసుకున్నాకే బాత్‌షీబాలో గది మాట్లాడుకోండి.